కడుపుతో ఉంటే ఇమ్యూనిటీ తగ్గుతుందా? పుట్టిన బిడ్డకు అసలే ఉండదా?

కల్వకుర్తి నుంచి ఒకరు అడిగారు. భార్యకు ఏడో నెల. మామూలు రక్త పరీక్షలో తెల్లకణాలు 13,200 వచ్చాయి, ల్యాబులో అతను చూసి "ఇన్ఫెక్షన్ ఉన్నట్టుంది" అన్నాడట. కడుపుతో ఉన్న మనిషికి ఒంట్లో శక్తి తగ్గుతుంది, ఇప్పుడు సూదులు వద్దని వాళ్లమ్మగారు అంటున్నారు. పుట్టే బిడ్డకు ఇమ్యూనిటీయే ఉండదట కదా, మూడు నెలలు ఎవరినీ దగ్గరికి రానీయొద్దా, పౌడర్లేమైనా వాడాలా అన్నది మిగతా ప్రశ్న.

నేను నల్లగొండలో పిల్లల డాక్టరును. కాన్పు గదిలో బిడ్డను మొదట చూసుకునే పని నాది కాబట్టి తల్లి సంగతి, బిడ్డ సంగతి రెండూ కలిపే చెప్తాను. ముందు సూటిగా జవాబు.

జ్వరం, మూత్రంలో మంట, దుర్వాసనతో తెల్లబట్ట, ఉమ్మనీరు కారడం లాంటివేవీ లేకపోతే ఏడో నెలలో 13,200 మామూలే. కడుపుతో ఉన్నవాళ్లలో తెల్లకణాలు, ముఖ్యంగా వాటిలో న్యూట్రోఫిల్స్ అనే రకం, పెరుగుతాయి. చివరి నెలల్లో ఆరు వేల నుంచి పదహారు వేల దాకా ఉండొచ్చు. నొప్పులు వచ్చేటప్పుడు ఇరవై ఐదు వేలు దాటినవాళ్లను కూడా చూస్తాం. ల్యాబు కాగితం మీద పక్కన అచ్చువేసి ఉండే 4,000–11,000 కడుపుతో లేని పెద్దవాళ్ల లెక్క. దాన్ని చూసి యాంటీబయాటిక్ కోర్సు మొదలుపెట్టకండి. సూదులు తప్పకుండా వేయించండి. బిడ్డకు ఇమ్యూనిటీ ఉంటుంది, కొంత తల్లి ఇచ్చింది, కొంత తన సొంతం. పౌడర్లు వద్దు.

ఇక కారణాలు. అమ్మగారికి మీరే చెప్పాలి కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

బిడ్డలో సగం తండ్రిది. తల్లి ఒంటికి ఆ సగం పరాయిదే. వేరే మనిషి కిడ్నీ పెడితే జీవితాంతం మందులు మింగితే తప్ప ఒళ్లు దాన్ని ఒప్పుకోదు, మరి తొమ్మిది నెలలు బిడ్డను ఎట్లా ఒప్పుకుంటుంది? 1953లో పీటర్ మెడవార్ అనే శాస్త్రవేత్త ఈ ప్రశ్న వేశాడు. ఆయనకు 1960లో నోబెల్ వచ్చింది, దీనికి కాదు గానీ దీనికి దగ్గరి పనికే. తల్లి ఇమ్యూనిటీ మొత్తంగా నిద్రపోతుందేమో అని అప్పట్లో ఒక ఊహ ఉండేది. మీ అమ్మగారి మాట కూడా అదే ఊహ. తర్వాత డెబ్భై ఏళ్లలో తేలింది వేరు.

తల్లికి, బిడ్డకు మధ్య నిలబడేది మాయ. మాయ నుంచి గర్భసంచి గోడలోకి చొచ్చుకుపోయే కణాలు మన మిగతా కణాల్లాగా హెచ్‌ఎల్‌ఏ-ఎ, హెచ్‌ఎల్‌ఏ-బి గుర్తులను పైకి చూపవు. అవయవ మార్పిడిలో గొడవ ఎక్కువగా వచ్చేది ఈ గుర్తులతోనే. వాటికి బదులు హెచ్‌ఎల్‌ఏ-జి అనే ఇంకో గుర్తు చూపిస్తాయి, అది తల్లి కణాలను శాంతపరుస్తుంది. మరోపక్క రెగ్యులేటరీ టి-కణాలని ఉంటాయి. అనవసరమైన దాడిని ఆపడమే వాటి పని, కడుపుతో ఉన్నప్పుడు వాటి సంఖ్య పెరుగుతుంది. ప్రొజెస్టరాన్ హార్మోను కూడా ఇటే లాగుతుంది.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేవి ఎన్‌కే కణాలు, అంటే నేచురల్ కిల్లర్ అనే తెల్లకణాలు. రక్తంలో తిరిగే ఎన్‌కే కణాలు వైరస్ సోకిన కణాలను చంపుతాయి. మొదటి నెలల్లో గర్భసంచి లోపలి పొరలో ఉండే తెల్లకణాల్లో సుమారు డెబ్భై శాతం ఈ జాతివే, కానీ అక్కడ వాటి పని వేరు. తల్లి రక్తనాళాలను వెడల్పు చేసి మాయకు రక్తం ధారాళంగా అందేలా చూస్తాయి. ఆ పని సరిగా సాగకపోతే తర్వాతి నెలల్లో బీపీ పెరగడం, బిడ్డ బరువు పెరగకపోవడం లాంటి ఇబ్బందులు రావొచ్చు. అంటే కడుపు నిలబడాలంటే ఇమ్యూనిటీ పని చెయ్యాలి, అది పడుకుంటే గర్భమే సరిగా సాగదు.

దీనికి ఒక పక్కమాట. మాటిమాటికి గర్భం పోతున్న జంటలకు "మీకు ఎన్‌కే కణాలు ఎక్కువున్నయి" అని రక్త పరీక్ష చేసి, ఖరీదైన డ్రిప్పులు పెట్టే చోట్లు పట్నంలో ఉన్నాయి. మిర్యాలగూడ నుంచి ఒక జంట ఆ బిల్లులన్నీ ఒక సంచిలో పెట్టుకొని నా దగ్గరికి వచ్చారు. రక్తంలోని ఎన్‌కే లెక్క గర్భసంచిలో ఏం జరుగుతోందో చెప్పదు, ఆ డ్రిప్పుల వల్ల లాభం రుజువు కాలేదు. ఇమ్యూనిటీ వల్ల గర్భం పోయే జబ్బు, రుజువైన వైద్యం ఉన్నది ఒకటుంది: యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్. దానికి చిన్న డోసు ఆస్పిరిన్, హెపారిన్ సూదులు ఇస్తారు, చాలామందికి బిడ్డ దక్కుతుంది. అప్పు చేసే ముందు ఆ పరీక్ష చేయించారా అని అడగండి.

ఇమ్యూనిటీ దిశ మారుతుందన్న సంగతి కొన్ని జబ్బుల్లో కళ్లకు కనిపిస్తుంది. కీళ్లవాతం ఉన్న ఆడవాళ్లలో చాలామందికి కడుపుతో ఉన్నప్పుడు నొప్పులు తగ్గుతాయి, కాన్పయిన కొన్ని వారాలకు తిరగబెడతాయి. "కడుపుల ఉన్నన్ని రోజులు మంచిగనే ఉంటి సార్, కాన్పయినంక చేతులు ముడుచుకుంట లేవు" అని బిడ్డకు టీకా వేయించడానికి వచ్చిన తల్లి చెప్పింది. వాళ్లింట్లో దాన్ని పత్యం తప్పిందని అనుకుంటున్నారు. లూపస్ (ఇమ్యూనిటీ సొంత ఒంటి మీదే దాడి చేసే ఇంకో జబ్బు) అయితే ఇందుకు ఎదురు, కడుపుతో ఉన్నప్పుడు పెరగొచ్చు.

అయితే మీ అమ్మగారి భయంలో నిజం లేకపోలేదు. కొన్ని ఇన్ఫెక్షన్లు కడుపుతో ఉన్నవాళ్లకు ఎక్కువ ప్రమాదం. ఫ్లూ మొదటిది, 2009 స్వైన్ ఫ్లూలో ఇది ప్రపంచమంతా తెలిసొచ్చింది. అక్కడ ఇమ్యూనిటీతో పాటు పెరిగిన పొట్ట ఊపిరితిత్తులను పైకి నెట్టడం, గుండె మీద భారం కూడా కారణాలే. అమ్మవారు పోసినా, అంటే చికెన్‌పాక్స్ అయినా, తల్లికి న్యుమోనియా వచ్చే అవకాశం ఉంది. అమ్రాబాద్ అడవిలోని చెంచు గూడేల (పెంటల) నుంచి వచ్చేవాళ్లకు మలేరియా సంగతి నేను తప్పక అడుగుతాను. మలేరియా పరాన్నజీవి సోకిన రక్తకణాలు మాయలో అతుక్కుపోయి బిడ్డ బరువు పెరగనీయవు, తొలి కాన్పులో ఇది ఎక్కువ.

మన దగ్గర నేను ఎక్కువగా భయపడేది మాత్రం హెపటైటిస్-ఇ కామెర్లకు. వానలు పడి తాగునీటి పైపులోకి మురుగు కలిసినప్పుడు వచ్చే కామెర్లు ఇవే. మామూలు మనిషికి కొన్ని వారాల్లో తగ్గిపోతాయి. అదే చివరి మూడు నెలల గర్భిణికి వస్తే ప్రాణాపాయం 20–25 శాతం దాకా ఉంటుంది. మన పల్లెల్లో కామెర్లు అనగానే పసరు పోయించడానికి తీసుకుపోతారు, ఆదివారం కోసం ఆగుతారు. మిగతావాళ్ల సంగతి ఏమోగానీ కడుపుతో ఉన్న మనిషికి కళ్లు పచ్చబడితే ఆ రోజే పెద్ద దవాఖానకు పోవాలి. నీళ్లు కాచి చల్లార్చి తాగించండి, మీరు చేయగలిగిన పనుల్లో ఖర్చు లేనిది ఇదే.

ఇప్పుడు సూదుల సంగతి. బిడ్డ ఇమ్యూనిటీలో సగం కథ ఇక్కడే ఉంది.

తల్లి రక్తంలో ఉండే యాంటీబాడీల్లో, అంటే క్రిములను గుర్తుపట్టి పట్టుకునే ప్రొటీన్లలో, ఐజీజీ రకం ఒక్కటే మాయ దాటుతుంది. ఐజీఎం, ఐజీఏ దాటవు. ఐజీజీ ఊరికే కారిపోయి చేరేది కాదు, మాయలో దానికోసమే ఉన్న ఒక గ్రాహకం పట్టుకొని అటు పంపిస్తుంది. నాలుగో నెల నుంచి మొదలవుతుంది గానీ ఎక్కువ భాగం చేరేది ఆఖరి నాలుగు వారాల్లో. నెలలు నిండి పుట్టిన బిడ్డ రక్తంలో ఐజీజీ తల్లికంటే కొంచెం ఎక్కువే ఉంటుంది. ఏడెనిమిది నెలలకే పుట్టిన బిడ్డకు తల్లిలో ఉన్నదాంట్లో సుమారు సగమే చేరి ఉంటుంది. నెల తక్కువ పిల్లల విషయంలో మేమంత కంగారు పడేది బరువు ఒక్కదానికే కాదు.

ఇది తల్లి కట్టిచ్చిన సద్ది. తల్లి దగ్గర ఏముంటే అదే కడుతుంది, కొన్నాళ్లకు అయిపోతుంది. తల్లికి తట్టు వచ్చి ఉంటే, లేదా చిన్నప్పుడు టీకా పడి ఉంటే, బిడ్డకు తట్టు యాంటీబాడీలు వస్తాయి. ధనుర్వాతం టీకా తల్లికి పడకపోతే బిడ్డకు ధనుర్వాతం మీద ఏమీ రాదు. అందుకే టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా) సూదులు. మొదటిది గర్భం తెలియగానే, రెండోది నాలుగు వారాలకు. గత మూడేళ్లలోపు కాన్పుకు రెండూ వేయించుకొని ఉంటే ఒక బూస్టర్ చాలు. ఒకప్పుడు బొడ్డుకు బూడిద, పేడ రాసి, పుట్టిన వారానికి దవడలు బిగుసుకుపోయి చనిపోయిన పిల్లల గురించి మీ అమ్మగారికే తెలిసి ఉంటుంది, అడిగి చూడండి. పసిపిల్లల ధనుర్వాతం మన దేశంలో ఇక ప్రజారోగ్య సమస్య కాదని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. దవాఖాన కాన్పులు, శుభ్రంగా కోసిన బొడ్డు, ఆ సూదులు, మూడూ కలిసి తెచ్చిన ఫలితం అది.

టీడీ ఉచితం, పల్లె దవాఖానలోనే వేస్తారు. దీనికి తోడు కోరింత దగ్గు నుంచి కాపాడే టీడాప్ 27 నుంచి 36 వారాల మధ్య, ఫ్లూ టీకా ఏ నెలలోనైనా వేయించుకోవచ్చు. ఈ రెండూ సర్కారు ఉచిత పట్టికలో లేవు, డబ్బులు పెట్టాలి. టీడాప్ తీసుకుంటే అందులోనే ధనుర్వాతం, డిఫ్తీరియా మందు కూడా ఉంటుంది కాబట్టి ఒక టీడీ బదులు అదే లెక్కించొచ్చా అని మీ గైనకాలజిస్టును అడగండి. వీటిలో ఏదీ బతికి ఉన్న క్రిమితో చేసింది కాదు. బతికి ఉన్న బలహీన క్రిములతో చేసే ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా), చికెన్‌పాక్స్ టీకాలు మాత్రం కడుపుతో ఉండగా వేయరు. "సూదులు వద్దు" అన్న మాట వీటి వరకు నిజమే.

పాలమూరు వైపు నుంచి పనులకు పుణె, బొంబాయి పోయి కాన్పుకు తల్లిగారింటికి వచ్చే ఆడపిల్లల్లో ఈ సూదులు తప్పిపోవడం తరచూ చూస్తాను. కార్డు అక్కడ పోతుంది, ఇక్కడ ఎవరూ అడగరు. కార్డు లేకపోతే వేయించుకోనట్టే అనుకొని ఆశా వర్కరుకు చెప్పండి.

ఐజీజీకి మంచీ చెడూ తేడా తెలియదు. తల్లికి థైరాయిడ్ ఎక్కువ చేసే యాంటీబాడీలుంటే అవీ దాటుతాయి, బిడ్డకు కొన్ని వారాలు గుండె దడదడ కొట్టుకుంటుంది. లూపస్ తల్లుల్లో కొందరికి ఉండే యాంటీ-రో యాంటీబాడీలు దాటి బిడ్డ గుండె వేగాన్ని శాశ్వతంగా తగ్గించగలవు. తల్లికి ఇలాంటి జబ్బు ఏదైనా ఉంటే కాన్పుకు ముందే పిల్లల డాక్టరుకు చెప్పాలి, పుట్టాక కాదు.

బిడ్డ సొంత కణాల సంగతికి వస్తే, "పుట్టిన బిడ్డకు ఇమ్యూనిటీ ఉండదు" అన్నది నిజమైతే పుట్టిన రోజే బీసీజీ, హెపటైటిస్-బి టీకాలు వేయడం దండగ. హెపటైటిస్-బి మొదటి డోసు 24 గంటల్లోపు వేస్తాం, అది పని చేస్తుంది. అంటే ఒక్క రోజు పిల్ల కణాలు కూడా కొత్త విషయం నేర్చుకోగలవు. సంఖ్యకూ కొదవ లేదు, పసిబిడ్డలో లింఫోసైట్లు (క్రిములను గుర్తుపెట్టుకునే రకం తెల్లకణాలు) పెద్దవాళ్లకంటే ఎక్కువే ఉంటాయి. కాకపోతే వాటిలో దాదాపు అన్నీ ఇంకా ఏ క్రిమినీ చూడనివి. న్యూట్రోఫిల్స్ ఉంటాయి గానీ ఎముక మజ్జలో నిల్వ తక్కువ. పెద్దవాళ్లకు ఇన్ఫెక్షన్ వస్తే తెల్లకణాలు పెరుగుతాయి, పసిబిడ్డకు ముదిరితే నిల్వ అయిపోయి పడిపోతాయి. అందుకే బిడ్డ రిపోర్టులో 3,000 చూస్తే నాకు 20,000 కంటే ఎక్కువ భయం. క్రిములను చంపడంలో సాయపడే కాంప్లిమెంట్ అనే రక్త ప్రొటీన్లు పెద్దవాళ్లలో ఉన్నదాంట్లో సగం దగ్గర ఉంటాయి.

బిడ్డ టి-కణాలు నెమ్మదిగా ఉండటానికి కారణం ఉంది. కడుపులో ఉన్నన్నాళ్లు తల్లి కణాలు కొన్ని బిడ్డలోకి వస్తూనే ఉంటాయి, వాటి మీద పడకూడదు. అటు నుంచి ఇటూ వెళ్తాయి లెండి. మగబిడ్డను కన్న తల్లి రక్తంలో 27 ఏళ్ల తర్వాత కూడా ఆ బిడ్డ కణాలు దొరికాయని 1996లో అమెరికాలో ఒక పరిశోధన వచ్చింది. ఇక పుట్టిన గంటల్లోనే పేగులోకి కోట్లాది బాక్టీరియా చేరతాయి. అన్నిటిమీదా వాపుతో ఎగబడితే బిడ్డ తట్టుకోలేదు. ఏది ఉండనివ్వాలో ఏది తరమాలో నేర్చుకునే సమయం అది. స్వీడన్‌లో నూరు మంది శిశువులను పుట్టినప్పటి నుంచి పరిశీలించి 2018లో ఒక ఫలితం చెప్పారు: నెలలు నిండిన పిల్లలకు, నిండని పిల్లలకు పుట్టినప్పుడు కణాల్లో ఉన్న తేడాలు మూడు నెలలకల్లా చాలావరకు ఒకే దారిలోకి వచ్చాయి. నెల తక్కువ బిడ్డ తల్లిదండ్రులకు నేను ఇది తప్పక చెప్తాను.

టీకాల తేదీలకు లెక్క కూడా ఇదే. తట్టు-రుబెల్లా టీకా తొమ్మిదో నెల దాకా ఎందుకు ఆపుతారని చాలామంది అడుగుతారు. అంతకుముందు తల్లి యాంటీబాడీలు ఇంకా మిగిలి ఉండి, టీకాలోని క్రిమిని బిడ్డ కణాలు చూసేలోపే తుడిచేస్తాయి. అయితే మొత్తంగా చూస్తే మూడు నుంచి ఆరు నెలల మధ్య తల్లిది చాలావరకు తరిగిపోయి, సొంతది ఇంకా పెరగని సందు ఉంటుంది. 6, 10, 14 వారాల సూదులు ఆ సందు రాకముందే బిడ్డను సిద్ధం చేయడానికి. "జలుబుంది, వచ్చే నెల చూద్దాం" అని వాయిదా వేస్తే నష్టం ఇక్కడే.

ముర్రుపాలు పిండి పారబోయకండి. మాయ దాటని ఐజీఏ బిడ్డకు చేరేది వీటిలోనే. తల్లి పేగుల్లో, ఊపిరి మార్గంలో క్రిములను చూసిన కణాలు రొమ్ముకు చేరి అక్కడ ఐజీఏ తయారుచేస్తాయి, అంటే మీ ఇంట్లో ఉన్న క్రిములకు సరిపడా మందు మీ ఇంటి పాలలోనే ఉంటుంది. ఏ డబ్బా పాలలోనూ అది లేదు. గంటలోపు రొమ్ము పట్టించాలి. సిజేరియన్ అయితే కొంచెం ఆలస్యం కావొచ్చు, అంతవరకు ఆగితే ఏమీ కాదు, మధ్యలో చక్కెర నీళ్లు వద్దు. తేనె నాకించడం అసలే వద్దు, ఏడాది నిండేదాకా బొట్యులిజం (క్రిమి విషం వల్ల ఒళ్లు చచ్చుబడే జబ్బు) భయం ఉంటుంది. ఆముదం, గుట్టీ, వస, ఏవీ వద్దు. వీధుల్లోకి గాడిదను తోలుకొచ్చి, ఉగ్గు గిన్నెడు పాలు తాగిస్తే దమ్ము రాదు, ఇమ్యూనిటీ పెరుగుతుంది అని అమ్మేవాళ్లున్నారు. ఆ పచ్చి పాలు తాగి విరేచనాలతో వచ్చిన పిల్లలను చూశాను. ఆ ధరకు తల్లికి గుడ్లు, పప్పు వస్తాయి. బాలింతకు కారం మెతుకులే పెట్టే పత్యం కూడా మానిపించండి.

మూడు నెలలు తలుపులు వేసుకోవాల్సిన పని లేదు. చేతులు సబ్బుతో కడుక్కున్నవాళ్లు ఎత్తుకోవచ్చు. దగ్గు, జలుబు, జ్వరం, పెదవి మీద పొక్కులు ఉన్నవాళ్లు ఆగాలి. ముద్దులు వద్దు. ఇరవై ఒకటో రోజు ఫంక్షనుకు ఊరంతా వచ్చి చేతులు మారకుండా చూసుకోండి. సాంబ్రాణి పొగ గదినిండా పెట్టకండి, ఊపిరితిత్తులకు చెడు. తల్లికి జలుబు చేస్తే పాలు మాన్పించకండి, మాస్కు కట్టుకొని ఇవ్వమనండి. బిడ్డ బరువు తక్కువైతే రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టే కంగారూ పద్ధతి వెంటనే మొదలుపెట్టాలి. ఢిల్లీతో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల్లో చేసిన, 2021లో ప్రచురితమైన ట్రయల్‌లో దీన్ని పుట్టగానే మొదలుపెట్టిన పిల్లల్లో మరణాలు నాలుగో వంతు తగ్గాయి, రక్తంలో ఇన్ఫెక్షన్లు కూడా తక్కువ.

ఒక్కటి మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి. రెండు నెలల్లోపు బిడ్డకు జ్వరం వస్తే ఇంట్లో సిరప్ పోసి చూడకూడదు, నేరుగా దవాఖానకు తేవాలి. జ్వరం రాకుండానే ఇన్ఫెక్షన్ ముదరొచ్చు, ఒళ్లు చల్లబడటం అంతకంటే చెడ్డ గుర్తు. పాలు తాగకపోవడం, లేపినా మగతగా ఉండటం, నిమిషానికి అరవై సార్లకు మించి ఊపిరి, డొక్కలు ఎగరడం, ఫిట్స్, బొడ్డు చుట్టూ ఎర్రబడటం, వీటిలో ఒక్కటి చాలు. దేవరకొండ దగ్గరి తండా నుంచి ఒక నానమ్మ బిడ్డను బట్టలో చుట్టుకొని తెచ్చింది. జ్వరం లేదు, దగ్గు లేదు. "నిన్న పొద్దటి సంది రొమ్ము పట్టుకుంట లేడు, పాదాలు సల్లగున్నయి" అన్నది, అంతే. తెల్లకణాలు 2,800. పిల్లగాడు కోలుకున్నాడు, ఆమె ఇంకో రోజు ఆగి ఉంటే చెప్పలేను.

పౌడర్ల గురించి: పాకెట్ మీద ఇమ్యూనిటీ అని రాసి ఉన్నది ఏదీ పైన చెప్పిన ఏ కణాన్నీ పెంచినట్టు నేను చూడలేదు. రక్తహీనత ఉంటే ఐరన్ మాత్రలు మానకుండా మింగించండి, అవి ఉచితం.

మీ ప్రశ్నలో ఒకటి రాయలేదు, రక్తం గ్రూపు. ఆమెది నెగటివ్, మీది పాజిటివ్ అయితే బిడ్డ రక్తకణాల మీద తల్లి యాంటీబాడీలు తయారయ్యే అవకాశం ఉంది. అవీ ఐజీజీలే, మాయ దాటి తర్వాతి కాన్పులో బిడ్డ రక్తాన్ని విరిచేస్తాయి. దీన్ని ఆపే యాంటీ-డి సూది 28వ వారంలో ఒకసారి, కాన్పయ్యాక బిడ్డది పాజిటివ్ అని తేలితే 72 గంటల్లోపు మరోసారి వేయాలి. ఏడో నెల అంటున్నారు కాబట్టి ఆ వారం వచ్చేసింది. కార్డు తీసి ఇవాళే చూడండి.